కరెంటు బిల్లు గొంతు

కామాలక్కకి అసలు పేరొకటి ఉంది. అది జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ప్రెస్సులో బైండింగు వాళ్ల దగ్గర్నించి ఎదురుగా ఉన్న టీకొట్టు ఆయన దాకా అందరికీ ఆవిడ కామాలక్కే. ఎందుకంటే ఆవిడ కామాల్ని కూడా పైకి చదువుతుంది. కామాలే కాదు, ఫుల్‌స్టాపులు, బ్రాకెట్లు, పేరా మొదట్లో వదిలే ఖాళీ కూడా. కాగితం మీద ఏది ఉంటే అది ఆవిడ నోట్లోంచి రావాల్సిందే.

ఆవిడ పనే అది మరి. ఆ ప్రెస్సులో ఏ కాగితమైనా అచ్చుకెళ్లే ముందు ఇద్దరు చూడాలి. ఒకరు రాసిచ్చిన కాగితాన్ని పైకి చదువుతుంటే, రెండోవారు ప్రూఫు మీద వేలు పెట్టుకుని వెంట నడుస్తారు. తేడా వచ్చిన చోట ఎర్రపెన్నుతో గీత. గీత పెట్టేది ప్రూఫుల తాత. చదివేది కామాలక్క. పెళ్లికి ముందు చేరింది, ఇప్పుడు చెవుల దగ్గర జుట్టు నెరిసింది.

చేరిన మొదటిరోజే తాత పాఠం చెప్పాడు.

"చూడమ్మాయ్, చదివింది అర్థం చేసుకోకూడదు. తెలిసిందా?"

"అర్థం కాలేదు తాతా."

"శభాష్. అలాగే ఉండు."

ముసలాయన వేళాకోళం ఆడలేదు. అర్థమైతే కన్ను ముందుకి పరిగెడుతుంది. కాగితం మీద ఉన్నది కాకుండా ఉండాల్సింది చదివేస్తాం. 'ధరలు' అని ఉండాల్సిన చోట 'ధలరు' అని ఉంటే ధలరు అనే చదవాలి, చదివి ముందుకి పోవాలి. నవ్వకూడదు, ముక్కు మీద వేలేసుకోకూడదు. అద్దె రసీదులు, లాయరు నోటీసులు, మందుల పెట్టెల్లో పెట్టే చిన్నక్షరాల కాగితాలు, అన్నీ ఒకే గొంతుతో చదివీ చదివీ కామాలక్క లోపల ఒక తలుపు బిగించుకుంది. అక్షరం కంట్లోంచి వచ్చి నోట్లోంచి పోతుంది. మధ్యలో ఎక్కడా ఆగదు.

ఒకసారి ఒక కవి గారు తన విరహ గీతాల ప్రూఫు తనెదురుగానే దిద్దాలని పట్టుబట్టి వచ్చి కూర్చున్నారు. కామాలక్క మొదలుపెట్టింది. "ఓ ప్రేయసీ ఆశ్చర్యార్థకం. నీవు లేని ఈ రేయి కామా నా గుండె కామా చుక్క చుక్క చుక్క." కవి గారు రెండు పేజీలు ఓర్చుకుని లేచి నిలబడ్డారు. "ఏమయ్యా, నా గుండెకోతని ఈవిడ కరెంటు బిల్లు చదివినట్టు చదువుతోందేమిటయ్యా!" అని తాత మీద విరుచుకుపడ్డారు. తాత ఎర్రపెన్ను మూత పెట్టి, "తమరి పుస్తకంలో ఇంతవరకూ ఒక్క తప్పూ మా కన్ను దాటిపోలేదండి" అన్నాడు. కవి గారు చెప్పులేసుకుని వెళ్లిపోయారు. కరెంటు బిల్లు గొంతు అన్న మాట మాత్రం ప్రెస్సులో ఉండిపోయింది.

ఇంగ్లీషు కూడా చదివేది. ఏడో తరగతి దాకా నేర్చుకున్న అక్షరాలు, ప్రెస్సులో అలవాటైన పలుకుబడి. అర్థం అడిగితే తెల్లమొహం వేసేది. అర్థం తెలియకపోవడం ఆవిడకి పెద్ద సౌకర్యం, ఆ తలుపు కూడా వేసుకోనక్కర్లేదు.

ఇక మొగుడి సంగతి. ఆయనదీ ఆ ప్రెస్సే, పెద్ద మిషను మీద పని. మిషను మోతలో మాట్లాడినా ఒకటే, మాట్లాడకపోయినా ఒకటే అని నోరు మూసుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఆ అలవాటు ఇంటికొచ్చాకా వదల్లేదు. "మీ ఆయనకి నువ్వంటే ఇష్టమేనా?" అని ఎవరైనా కామాలక్కని అడిగితే చూపించడానికి ఆవిడ దగ్గర ఒకే ఒక్కటుంది. వంటింట్లో నీళ్ల డ్రమ్ము. వీధి కుళాయికి నీళ్లు తెల్లవారకముందే వచ్చి, జనం లేచేసరికి పోయేవి. ఆయన పిల్లిలా లేచి, బిందెలతో మోసి, డ్రమ్ము అంచుదాకా నింపి, మూత పెట్టి మళ్లీ వచ్చి పడుకునేవాడు. కాపురం చేసినన్నాళ్లూ అదే వరస. ఆయన చెప్పలేదు, ఈవిడ అడగలేదు. పొద్దున లేస్తే నీళ్లుండేవి.

ఒకరోజు అలాగే నీళ్లు నింపి, పనికెళ్లి, మధ్యాహ్నం మిషను పక్కనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. డాక్టరు వచ్చేలోపే అయిపోయింది. ఇల్లంతా జనం. ఎవరికో మంచినీళ్లు కావాలంటే కామాలక్క వంటింట్లోకెళ్లి డ్రమ్ము మూత తీసింది. అంచుదాకా ఉన్నాయి. మూత పెట్టేసి, "పక్కింట్లోంచి తెచ్చుకోండి" అంది.

ఆ నీళ్లు ఆవిడ చెంబులతో, తర్వాత గ్లాసులతో వాడుకుంది. అడుగున కాసిని మిగిలాక అవి కూడా ముట్టుకోవడం మానేసింది. చివరికి ఆడపడుచు చూడ్డానికొచ్చి, మూత తీసి ముక్కు మూసుకుంది. "ఏంటి వదినా ఇది, పురుగులు తిరుగుతున్నాయి! దోమలు ఇల్లు పీకేస్తాయి" అంటూ డ్రమ్ము పెరట్లోకి దొర్లించి పారబోసి, పీచు పెట్టి తోమి మరీ బోర్లించింది. మంచి మనిషే, నడుం నొప్పితో చేసింది ఆ పని. కామాలక్క గుమ్మంలో నిలబడి చూసి, "సరే" అంది.

ఏడవలేదని జనం చెవులు కొరుక్కున్నారు. ప్రెస్సు వాళ్లు ఆయన పేరు మీద సంతాపం కాగితం వేయించారు. దాని ప్రూఫు వచ్చినప్పుడు తాత చేతులు ఆడక, "వద్దులే, నేనే చూసుకుంటా" అన్నాడు. "ఒక్కరు చూస్తే తప్పులు దాటిపోతాయి తాతా" అని కామాలక్క పక్కన కూర్చుని చదివింది. మా తోటి కార్మికుడు కామా, సౌమ్యుడు కామా, మితభాషి కామా. ఎక్కడా గొంతు తడబడలేదు. తాత చూసుకోని తప్పు కూడా ఒకటి పట్టుకుంది, ఇంటిపేరులో దీర్ఘం పోయింది. ఆ సాయంత్రం తాత ఇంటికెళ్లి అన్నం తినలేదని వాళ్లావిడ తర్వాత చెప్పింది.

ఇలా ఉండగా ఒకరోజు పెద్దాసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఓపీ చీట్లు అచ్చుకిచ్చారు, ప్రూఫు ఫోన్లోనే చదివి వినిపించమన్నారు. కామాలక్క చదివింది. రోగి పేరు కోలన్, గీత. వయసు కోలన్, గీత. అవతలి నుంచి ఆడగొంతు, "మేడమ్, ఇంకోసారి చదువుతారా?" అంది. మళ్లీ చదివింది. "ఇంకోసారి?"

"తప్పుందా అమ్మా?"

"లేదండీ. మీ గొంతు వింటున్నా. మీరు పరీక్షలో నాకు చదివిపెడతారా?"

ఆ పిల్ల ఆసుపత్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. పుట్టుకతోనే చూపు లేదు. ఏ వార్డుకి ఏ నంబరో వేళ్ల మీద ఉంటుంది, కానీ ఉద్యోగం ఇంకా టెంపరరీ. పర్మినెంటు కావాలంటే డిపార్టుమెంటు వాళ్ల పరీక్షలు ప్యాసవ్వాలి. అన్నీ అయ్యాయి, ఇంగ్లీషు ఒక్కటి రెండుసార్లు తన్నేసింది. ఇంగ్లీషు రాక కాదు. చూపులేని వాళ్లకి ప్రశ్నపత్రం చదివిపెట్టి, వాళ్లు చెప్పింది రాసిపెట్టే మనిషిని ఇస్తారు. మొదటిసారి వచ్చినవాడు రైలు తప్పిపోతున్నట్టు చదివాడు. రెండోసారి వచ్చినావిడ తోచిన మాటలు తోచినట్టు మార్చేసింది. ఇక ఇదే ఆఖరి అవకాశం. ఈసారీ పోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఇంట్లో మంచాన ఉన్న నాన్నకి ఆ ఎక్స్ఛేంజి పిల్లే ఆధారం.

రాసిపెట్టే మనిషికి ఒక రూలుంది. ఆ సబ్జెక్టు తెలిసినవాళ్లయి ఉండకూడదు. చదివేటప్పుడు ఏ మాటా ఒత్తి పలకకూడదు, గొంతుతో సూచన చేయకూడదు. అంటే, ఆ రూలు రాసినవాళ్లెవరో కామాలక్కని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్టుంది.

పాత పేపర్లు తెప్పించుకుని ప్రాక్టీసు మొదలెట్టారు. భోజనాల వేళ ఆ పిల్ల చేతికర్ర తాటించుకుంటూ ప్రెస్సుకొచ్చేది, కాగితం రీముల మీద కూర్చునేది. ఆ ఇంగ్లీషు పేపరు తయారుచేసే పెద్దమనిషికి పాతకాలపు అమెరికా దెయ్యాల కథలంటే పిచ్చి అనుకుంటా, ఏ ఏడు చూసినా అదే. ఒక పేజీ కథ, కింద ప్రశ్నలు. కామాలక్క ఆ ఇంగ్లీషు చదివేది, మన తెలుగులో చెప్పుకుంటే ఇలా. "మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది ఫుల్‌స్టాప్. అతను వెనక్కి తిరిగాడు ఫుల్‌స్టాప్. ఎవరూ లేరు ఫుల్‌స్టాప్." ఆ పిల్ల తెలుగులో అర్థం చెబితే పక్క గదిలో బైండింగు ఆడవాళ్లు కుట్టుపని ఆపి, దెయ్యం కూడా హాజరు వేయించుకుని వెళ్లినట్టుందే అని పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేవాళ్లు.

ఎక్స్ఛేంజి పిల్లకి మాత్రం ఊరుకోబుద్ధయ్యేది కాదు. "అక్కా, ఇప్పుడు నువ్వు చదివిందేంటో తెలుసా? ఆ బండి తోలేవాడు చచ్చిపోయి చాలా ఏళ్లయిందట!" అనేది. కామాలక్క "ఓహో" అనేది. మర్నాడు, "అక్కా, 'కోల్డ్' అంటే చల్లన. 'విండో' అంటే కిటికీ. నిన్న కిటికీలోంచి చూసింది ఎవరనుకున్నావ్?" కామాలక్క "ఎవరు?" అంది. ఆ 'ఎవరు' అన్న రోజే కొంప మునిగింది. కథలో కిటికీ వెనక ఎవరున్నారో తెలుసుకోకుండా ఆవిడకి ముద్ద దిగడం మానేసింది. ఇంటికెళ్లేదాకా ఆ మాటలే నోట్లో నానేవి. బకెట్, వెల్, స్నో, వైఫ్. ఒక్కో మాటా కొత్త గాజు వేసుకున్నంత సంబరంగా నేర్చుకుంది.

తాత ఇదంతా కళ్లద్దాల మీంచి చూస్తూనే ఉన్నాడు. "అమ్మాయ్, జాగ్రత్త" అన్నాడు. "ఏం తాతా?" అంటే, "ఏం లేదు" అని ప్రూఫులోకి తల దూర్చాడు. ఆయన భయం ఏంటో ఆవిడకి అప్పుడు తట్టలేదు. తెలుగుకైతే లోపలి తలుపు ఎప్పుడో బిగించుకుంది. ఇంగ్లీషుకి తలుపు లేదు, అవసరం పడలేదు కాబట్టి పెట్టుకోలేదు.

పరీక్ష రోజొచ్చింది. పైకి చదివితే మిగతావాళ్లకి ఇబ్బందని వీళ్లిద్దరినీ కాలేజీ సైన్సు ల్యాబులో కూర్చోబెట్టారు. బల్లల మీద రసాయనాల మరకలు, మూల సింకు, అలమరలో బూజు పట్టిన గాజుసీసాలు. కాపలాకి లెక్కల మాస్టారు వచ్చారు. చెడ్డవాడేం కాదు పాపం. పోయినసారి తన గదిలో ఎవడో చీటీలు పెడితే ఈయనకి మెమో వచ్చింది. అప్పట్నించి ఎవరైనా దగ్గినా ఆయనకి అనుమానమే.

కామాలక్క పేపరు విప్పింది. గ్రామరు బిట్లు అయ్యాయి, వ్యాసం అయింది. కథ దగ్గరికొచ్చారు. ఆవిడ ఇంగ్లీషులోనే చదివింది, మనం మాత్రం తెలుగులో చెప్పుకుందాం.

చలిదేశంలో ఊరికి దూరంగా ఒక ఇల్లు. ఆకులు రాలే కాలంలో ఇంటాయన పోయాడు. భార్య ఒక్కతే మిగిలింది. మంచు పడింది, బావి మీద గడ్డ కట్టింది. అయినా పొద్దున్నే తలుపు తీస్తే గుమ్మం దగ్గర బకెట్టు నిండా నీళ్లు. మంచు మీద అడుగుల గుర్తుల్లేవు. ఇరుగుపొరుగు వచ్చి చూసి హడలిపోయారు. ఇది దెయ్యం పని, ఇల్లు వదిలి మాతో వచ్చెయ్ అన్నారు.

అక్కడిదాకా కరెంటు బిల్లే. బకెట్టు అన్న మాట దగ్గర కూడా కామాలక్క గొంతు పట్టు తప్పలేదు. తర్వాతి పేరా మొదలెట్టింది. ఒక తెల్లవారుజామున ఆమెకి బావి గిలక చప్పుడు వినిపించింది. లేచి తలుపు దాకా వెళ్లింది. తీయలేదు. తలుపుకి చెంప ఆనించి, "ఇక చాలు. చేతులు చల్లబడిపోతాయి. వెళ్లి పడుకో" అంది.

'చాలు' దగ్గర కామాలక్క గొంతు ఆగింది. మింగింది. 'చేతులు' అన్న మాట వణికి, రెండు ముక్కలై బయటికొచ్చింది. చివర ఫుల్‌స్టాప్ అసలు రాలేదు.

ఎక్స్ఛేంజి పిల్ల తలెత్తింది. లెక్కల మాస్టారు కుర్చీలోంచి లేచారు.

"ఆపండి. ఏంటండీ అది?"

"ఏదండీ?"

"గొంతు మార్చారు మీరు. ఇక్కడ మూడో ప్రశ్న ఏముంది? 'కథ మలుపు తిరిగేది ఏ వాక్యంలో?' అని. సరిగ్గా ఆ వాక్యం దగ్గరే మీరు వణికారు. జవాబు నోటికందించినట్టు కాదా?"

నిజం చెప్పుకోవాలంటే ఆయన లెక్కలో తప్పులేదు. ప్రిన్సిపాల్ మేడమ్‌ని పిలిపించారు. ఆవిడ వచ్చి ఇద్దరి మొహాలూ చూసి, రూళ్ల కాగితం తెప్పించుకుని నిలబడే చదివింది. చదివేవాళ్లకి సబ్జెక్టు తెలుసని తేలితే పేపరు రద్దు. రద్దంటే ఇక మళ్లీ రాయడం లేదు.

ఎక్స్ఛేంజి పిల్ల బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది. అంత ధైర్యం గల పిల్ల, ఆసుపత్రిలో ఎంత గగ్గోలు వచ్చినా లైను కలిపే పిల్ల, పెదాలు పాలిపోయి కూర్చుంది. నేర్పింది తనే కదా. ఆ మాట బయటికొస్తే చేజేతులా చేసుకున్నట్టే.

కామాలక్క సంగతి ఇంకా అన్యాయం. "అమ్మా, మా ఆయన పోయాడు, నీళ్ల డ్రమ్ము గుర్తొచ్చింది" అని ఒక్క మాటంటే చాలు, రాతిగుండెలైనా కరుగుతాయి. కానీ ఆ మాటంటే కథ అర్థమైందని ఒప్పుకున్నట్టే. జాలి తనకొస్తుంది, ఉద్యోగం ఆ పిల్లకి పోతుంది.

"మీకు ఇది అర్థమైందా?" అంది మేడమ్.

"అర్థం చేసుకునే పని నాది కాదండి. కాగితం మీద ఉన్నది చదువుతాను."

మేడమ్ రూళ్ల కాగితం బల్ల మీద పెట్టింది. "సరే. ఆ పేరా మొదట్నించి చివరిదాకా మళ్లీ చదవండి. నేను నిలబడి వింటాను. మాస్టారూ, మీరూ వినండి. మళ్లీ గొంతు మారిందంటే నేనేం చేయలేను."

కామాలక్క పేపరు సర్దుకుంది. ఒళ్లో ఎడమ చేతిలో పెన్ను మూత ఉంది, దాన్ని పిడికిట్లో బిగించింది. ప్రూఫుల తాత పక్కనే ఉన్నాడనుకుంది. ఆయన వేలు ప్రూఫు మీద మెల్లగా కదులుతోంది, ఒక్క తప్పు దాటిపోకూడదు. మొదలుపెట్టింది.

గిలక చప్పుడు కామా. తలుపు ఫుల్‌స్టాప్. చెంప ఆనించి కామా. లోపల ఏడుపు తన్నుకొస్తోంది, గొంతు దాకా వచ్చి నిలబడింది, దాన్ని నిలబెట్టే చదువుతోంది. ఆ మనిషికి తను ఈ ఒక్క మాటా చెప్పలేదు. ఇన్నేళ్లు నీళ్లు మోస్తుంటే, చాల్లే, చేతులు లాగేస్తాయి, కాస్త పడుకో అని ఏ రోజూ అనలేదు. ఇవాళ అనాల్సి వచ్చింది. అదీ మీటరు రీడింగు చెప్పినట్టు అనాల్సి వచ్చింది.

"ఇక చాలు ఫుల్‌స్టాప్. చేతులు చల్లబడిపోతాయి ఫుల్‌స్టాప్. వెళ్లి పడుకో ఫుల్‌స్టాప్. కొటేషన్ మూత."

ఆగకుండా చివరి పేరాలోకి వెళ్లింది. మర్నాడు తలుపు తీస్తే బకెట్టు ఖాళీగా ఉంది ఫుల్‌స్టాప్. ఆమె దాన్ని తీసుకుని బావి దాకా నడిచింది ఫుల్‌స్టాప్. కథ అయిపోయింది. కామాలక్క పేపరు మీంచి తలెత్తి, తర్వాతేం చేయమంటారు అన్నట్టు చూసింది.

మేడమ్ రూళ్ల కాగితం తీసి మడిచేసింది.

"పాపం, ఈవిడకి ముక్క కూడా అర్థం కాలేదు మాస్టారూ. దెయ్యాల కథని రేషన్ సరుకుల లిస్టులా చదివింది. ఇందాక గొంతుకేదో అడ్డం పడుంటుంది. కాసిని మంచినీళ్లివ్వండి."

మాస్టారు సిగ్గుపడ్డారు. తనే వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి, "ఏమనుకోకండమ్మా, మా డ్యూటీ" అన్నారు. కామాలక్క గ్లాసు నిండా ఉన్న నీళ్ల వైపు కాసేపు చూసి, తాగేసింది. పోయిన టైము కలిపిస్తామని చెప్పి మేడమ్ వెళ్లిపోయింది.

ఎక్స్ఛేంజి పిల్ల జవాబులు చెప్పడం మొదలెట్టింది, స్పెల్లింగులతో సహా. కామాలక్క రాసింది. బకెట్టు నింపిందెవరు, రాసింది. ఇరుగుపొరుగు ఎందుకు భయపడ్డారు, రాసింది. మలుపు ఏ వాక్యంలో, రాసింది. ఆఖరి ప్రశ్న పెద్దది, ఎక్కువ మార్కులు దానికే. 'ఖాళీ బకెట్టు చూసినప్పుడు ఆమెకి ఏమనిపించి ఉంటుంది? సొంత మాటల్లో రాయండి.'

మాస్టారు గడియారం వైపు చూశారు. అప్పుడు ఆ పిల్ల, ఫోన్లో నంబరు చెప్పినంత మెల్లగా, ఒక్కో మాటే చెప్పింది.

"ఆమెకి ఏడుపొచ్చింది. కానీ చేయాల్సిన పనుంది కాబట్టి, బకెట్టు తీసుకుని నడిచింది. దూరం నుంచి చూసేవాళ్లకి ఆమెకి ఏమీ అనిపించలేదనిపిస్తుంది. వాళ్లు పొరబడ్డారు."

కామాలక్క పెన్ను ఆగింది. చెప్పింది చెప్పినట్టు రాయడం రూలు. ఒక్క అక్షరం తగ్గకూడదు, ఒక్క అక్షరం కలవకూడదు. తన చేత్తో, తన గుండ్రటి అక్షరాలతో, అంతా రాసింది.

"అంతేనా అమ్మా?"

"అంతే అక్కా. ఫుల్‌స్టాప్ పెట్టు."

ఫలితాలు వేసవి పోయాక వచ్చాయి. ప్యాసయింది, బొటాబొటీగా కాదు, నిక్షేపంగా. ఇప్పుడు ఆ ఆసుపత్రికి మీరు ఫోన్ చేస్తే వినబడే గొంతు ఆ పిల్లదే, పర్మినెంటు. అది ముందే చెప్పేశాను, ఎందుకంటే నేను చెప్పాలనుకున్నది అది కాదు. ఆ రోజు పరీక్ష అయ్యాక బయట జరిగింది చెప్పాలి.

బెల్లు కొట్టాక ఇద్దరూ కాలేజీ గేటు ముందు బస్సుల కోసం వేసిన సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. ఎండ వాలుతోంది. ప్రశ్నపత్రం ఇంటికి తీసుకెళ్లనిస్తారు, అది కామాలక్క సంచిలో ఉంది. ఎక్స్ఛేంజి పిల్ల చేతికర్ర మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"మీ ఆయన నీళ్లు పట్టేవాడా అక్కా?"

కామాలక్క ఉలిక్కిపడింది. "ఎవరు చెప్పారే నీకు?"

"నువ్వే చెప్పావు. మొదటిసారి కొంచెం. రెండోసారి ఎక్కువ. రెండోసారి ఎంత నున్నగా చదివావంటే, నాకే ఏడుపొచ్చేసింది. రోజంతా ఫోన్లో గొంతులు వింటాను అక్కా. ఏమీ లేనివాళ్లు అంత నున్నగా మాట్లాడరు."

బస్సొకటి వచ్చి ఆగింది, ఎక్కేవాళ్లు ఎక్కారు, వెళ్లిపోయింది.

"ఇప్పుడు మాస్టారు లేడు, మేడమ్ లేదు" అంది ఆ పిల్ల. "నాకోసం ఇంకోసారి చదువు."

"ఎందుకే, పరీక్షైపోయిందిగా."

"అందుకే."

కామాలక్క సంచిలోంచి పేపరు తీసింది. మడతలు విప్పి, మోకాలి మీద చదును చేసింది. మొదటి వాక్యం మామూలుగానే వచ్చింది. రెండోది కొంచెం నెమ్మదిగా వచ్చింది. బకెట్టు దగ్గరికి వచ్చేసరికి కళ్లు మసకలయ్యాయి, అక్షరాలు అలుక్కుపోయాయి, అయినా ఆపలేదు. ఇక చాలు, అంది. చేతులు చల్లబడిపోతాయి, అంది. ఆ మాట ఇంగ్లీషులో అని, ఆగి, మళ్లీ తెలుగులో అంది, ఎదురుగా ఎవరో నిలబడి ఉన్నట్టు. వెళ్లి పడుకోవయ్యా, అంది. ఆ 'అయ్యా' కాగితం మీద లేదు. పుట్టి బుద్ధెరిగాక కాగితం మీద లేని మాట ఆవిడ చదవడం అదే మొదలు. చదివి, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా తిరిగి చూస్తుంటే, వెక్కి వెక్కి ఏడ్చింది.

ఎక్స్ఛేంజి పిల్ల చెయ్యి చాచి వెతుక్కుని ఆవిడ భుజం పట్టుకుంది. ఏడుపు సద్దుమణిగాక కామాలక్క ముక్కు తుడుచుకుని, మిగిలిన నాలుగు ముక్కలూ చదివి ముగించింది. కామాలు, ఫుల్‌స్టాపులు చదవడం మర్చిపోయింది. ఆ పిల్ల గుర్తుచేయలేదు.